అతుకులు కనపడనీ

మా ఇంటి హాల్లో అమ్మమ్మా తాతయ్యల ఫోటో ఒకటుంది. నల్ల చెక్క ఫ్రేము. తాతయ్య కుర్చీలో కూర్చుని, అమ్మమ్మ పక్కన నిలబడి, వెనక తెర మీద గీసిన మేడమెట్లూ పూలకుండీ. ఆ ఫ్రేము కింది మూలల్లో, చెక్కకీ అద్దానికీ మధ్య సందులో, ఏళ్ళ తరబడి ఎవరెవరో దోపిన చిన్న ఫోటోలున్నాయి. మేనమామ హాల్‌టికెట్టు కోసం దిగిన పాస్‌పోర్టు సైజు ఫోటో, తిరుపతి నుంచి వచ్చాక నున్నటి గుండుతో అక్క, ఎవరి పెళ్ళిలోనో బంతిలో కూర్చుని కెమెరా వైపు తలెత్తిన అమ్మ. అవి తాతయ్య మోకాళ్ళనీ అమ్మమ్మ కుచ్చెళ్ళనీ పూర్తిగా కప్పేశాయి. రోజూ కళ్ళెదుట ఉండేదే కనక చూడడం మానేశాను. ఈమధ్య దుమ్ము తుడవడానికి ఆ చిన్నవన్నీ తీసి బల్ల మీద పెడితే, గోడ మీద మిగిలిన పెద్ద ఫోటో ముక్కూ మొహం తెలియనివాళ్ళదిలా అనిపించింది. వాళ్ళిద్దరూ నాకు తెలిసిన అమ్మమ్మా తాతయ్యా కారు. ఇంకా పిల్లలు పుట్టని ఇద్దరు కొత్తవాళ్ళు. మరి వాళ్ళని నా వాళ్ళుగా చేస్తున్నది ఆ మూలల్లో దోపిన ఫోటోలేనా? దోపినవాళ్ళు ఏమనుకుని దోపారు? ఆల్బం కొనే స్తోమత లేకనా, దాచుకునే చోటు లేకనా? లేక ఇల్లంటే ఒకరోజు స్టూడియోలో ఊపిరి బిగబట్టి కూర్చున్న ఇద్దరే కాదనీ, తర్వాత వచ్చినవాళ్ళంతా అక్కడికే చేరాలనీ ఎవరూ చెప్పకుండానే వాళ్ళకి తోచిందా?

ఆ ప్రశ్న అప్పటినుంచి నన్ను వదలడం లేదు. వదలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొన్నాళ్ళుగా నేను పాత ఫోటోలని ఒకదాని మీద ఒకటి పేర్చి, కత్తిరించి, అతికించి, అమ్మమ్మగారి ఇంటి బొమ్మ చేసే పనిలో ఉన్నాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఫోటోలు కూడా ఎన్నాళ్ళుంటాయో చెప్పలేం. తీరప్రాంతపు తేమకి ఫోటో మీది జిగురుపొర మెత్తబడి ఫ్రేము అద్దానికి అతుక్కుపోతుంది. బలవంతంగా లాగితే మొహం అద్దం మీద ఉండిపోయి తెల్లకాయితం చేతికొస్తుంది. పాత రంగు ఫోటోల సంగతి మరీ విచిత్రం. ఎండ తగలకుండా బీరువాలో భద్రంగా దాచినా ఎర్రబారిపోతాయి. వాటిలో నీలి ఛాయనిచ్చే రంగు చీకట్లోనే ముందుగా విరిగిపోతుంది. అందుకే మా చిన్నప్పటి ఆకాశాలన్నీ ఇప్పుడు ఇటుకరంగులో ఉన్నాయి, పెరట్లోని అరిటాకులు గోధుమరంగుకి తిరిగాయి. పోయినదాన్ని పట్టుకుందామని తీసిన ఫోటో తనే పోతూ ఉంటుంది. ఆ పోవడాన్ని కూడా బొమ్మలోకి రానివ్వాలా, కంప్యూటర్లో రంగులు సరిచేసి ఆ రోజు ఉన్నట్టే నిలబెట్టాలా? నేను రంగులు సరిచేయడం లేదు. ఎర్రబారిన గోడ పక్కన నిన్నగాక మొన్న తీసిన పచ్చటి వేపకొమ్మ అలాగే ఉంటోంది.

ఇలా ముక్కలు పేర్చడంలో నాకు మొదట దారి చూపినవాడు డేవిడ్ హాక్నీ. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డులో 1937లో పుట్టిన చిత్రకారుడు. ఫోటో అంటే ఆయనకి ముందునుంచీ ఒక ఫిర్యాదు ఉండేది. అది ఒంటికన్నుతో, కదలకుండా, రెప్పపాటు సేపు చూసిన చూపు. మనుషులు అలా చూడరు కదా. 1982 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్‌లోని తన ఇంట్లో తిరుగుతూ పోలరాయిడ్ కెమెరాతో గదినీ, డాబానీ, తోటనీ ముక్కలుముక్కలుగా తీసి, ఆ చదరపు ఫోటోలని వరసలుగా అమర్చాడు. పోలరాయిడ్‌కి చుట్టూ తెల్లటి అంచు ఉంటుంది. దాన్ని ఆయన కోసెయ్యలేదు. ఆ తెల్ల గీతలు కిటికీ చట్రంలా కాక, చూసేవాడు ఆగి ఊపిరి పీల్చుకున్న చోట్లుగా కనిపిస్తాయి నాకు. అదే ఏడాది నవంబరులో యార్క్‌షైర్‌లోని బోల్టన్ ఆబీ శిథిలాల దగ్గర, సమాధి రాళ్ళ మధ్య, రెయిన్‌కోటు వేసుకుని కూర్చున్న తన తల్లిని ఇలాగే చేశాడు. ఈసారి మామూలు ప్రింట్లని ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికించాడు. ఆ బొమ్మ అడుగున ఆయన బూట్ల కొనలు కనిపిస్తాయి. తల్లిని చూపిస్తూ, ఆమె ఎదుట తాను నిలబడిన నేలని కూడా చూపించాడు. కొడుకు అక్కడ లేకుండా ఆ చూపు లేదు. ఎంత చిన్న విషయం, ఆ రెండు బూట్లు! అవి లేకపోతే అది ఒక ముసలమ్మ ఫోటో అయి ఊరుకునేది.

1986లో కాలిఫోర్నియా ఎడారిలో పేర్‌బ్లాసమ్ హైవే దగ్గర ఆయన చేసినది ఇంకా పెద్ద పని. ఏప్రిల్ 11 నుంచి 18 దాకా అక్కడే తిరిగి తీసిన ఏడువందలకు పైగా ఫోటోలు అందులో ఉన్నాయి. రోడ్డు పక్క హెచ్చరిక బోర్డుల ఎదుటికి నిచ్చెనెక్కి వెళ్ళి తీశాడు, దారిన పడున్న డబ్బాల దగ్గరికి వంగి తీశాడు. దూరం నుంచి చూస్తే ఒక కూడలి. దగ్గరికెళ్తే ప్రతి వస్తువూ మన మొహం మీదికి వచ్చినట్టుంటుంది. ఎందుకంటే ఆ మనిషి నిజంగానే ప్రతిదాని దగ్గరికీ నడిచి వెళ్ళాడు. చోటు అంటే ఇదే కదా అనిపించింది నాకు. ఒక చోటిని ఎరగడమంటే అందులో నడవడం. గుమ్మం దగ్గర నిలబడి తీసిన ఒక్క ఫోటోలో అమ్మమ్మగారిల్లు ఇమడకపోవడానికి కారణం కెమెరా చిన్నదై కాదు. ఆ ఇంట్లో నేనెప్పుడూ ఒకచోట నిలబడలేదు.

అయితే ఒకే బొమ్మలో వేరువేరు క్షణాలని పేర్చడం హాక్నీతో మొదలైన సంగతి కాదు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో మన అమరావతి స్తూపపు సున్నపురాతి పలకలున్నాయి. వాటిలో నాలాగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక ఒకటి, దాదాపు 2వ శతాబ్దానిది. రాజగృహం వీధిలో బుద్ధుడి మీదికి మదపుటేనుగుని వదిలిన కథ. ఒకవైపు ఏనుగు వీధిలో పడి మనుషులని తొక్కుతోంది, ఒకణ్ణి తొండంతో ఎత్తి విసురుతోంది. జనం బెదిరిపోతున్నారు, పైన కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. అదే పలకలో రెండోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంది. మధ్యలో గీత లేదు, గోడ లేదు. ఒకే వీధి, ఒకే ఏనుగు, రెండుసార్లు. మొదటిసారి చూసినప్పుడు నా కళ్ళు రెండు ఏనుగుల మధ్య ఎన్నిమార్లు అటూ ఇటూ తిరిగాయో! కోపం ఎక్కడ శాంతమైందో చూపించే ఏనుగు ఆ రాతిలో లేదు. ఆ మార్పుని చూసేవాడే తన చూపుతో పూర్తిచేసుకోవాలి. కృష్ణ ఒడ్డున ఉలి పట్టినవాడికి కాలాన్ని ఒక్క క్షణానికి కుదించి చెక్కాలన్న నియమం లేదు. ఆ నియమం మనకి ఎప్పుడొచ్చింది? కెమెరాతోనే వచ్చిందా?

అదే అమరావతి రాళ్ళలో ఇంకొకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. స్తూపం బొమ్మే చెక్కిన పలక అది. ముందువైపు చెక్కడం 3వ శతాబ్దానిది. వెనక చూస్తే క్రీ.పూ. 1వ శతాబ్దపు చెక్కడం ఉంది. అంటే స్తూపాన్ని కొత్తగా అలంకరించినప్పుడు పాత పలకని పారెయ్యలేదు, తిప్పి వెనకవైపు కొత్త బొమ్మ చెక్కారు. పాతది గోడలోకి తిరిగి, ఎవరికీ కనపడకుండా, కొన్ని వందల ఏళ్ళు కొత్తదాన్ని మోస్తూ ఉండిపోయింది. కనపడని పొర కూడా బొమ్మలో భాగమేనని నమ్మడానికి నాకు ఆ రాయి చాలు. నేను అతికించే ఫోటోల కింద పూర్తిగా కప్పబడిపోయే ఫోటోలు కొన్ని ఉంటాయి. ఎవరికీ కనపడనప్పుడు అవెందుకని మా అక్క అడుగుతుంది. తీసెయ్యలేను.

పొరలు పేర్చడమంటే కత్తిరించి అతికించడమే కాదు, ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒక ఫోటోని పల్చబరచి ఇంకోదాని మీద పరచడం. కంప్యూటర్లో ఇది క్షణంలో పని. నేనూ కొన్నాళ్ళు ఇదే చేశాను. ఒకే చోట నిలబడి వేరువేరు రోజుల్లో తీసిన వీధి ఫోటోలని లేయర్లుగా పెట్టి, ఒక్కొక్కదాని ఒపాసిటీ తగ్గిస్తే, మారనివి ముదురుతాయి, మారేవి వెలిసిపోతాయి. అరుగూ స్తంభమూ గట్టిగా నిలబడతాయి. వీధిన పోయేవాళ్ళు పొగలా మిగులుతారు. ఫోటోగ్రఫీ పుట్టినప్పుడే ఇది జరిగింది. 1838లో పారిస్‌లో, ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన డగేర్ తన కిటికీలోంచి ఒక రద్దీ వీధిని ఫోటో తీస్తే అందులో జనమే కనపడరు. పలకకి వెలుగు అందడానికి నిమిషాలు పట్టింది, అంతసేపు ఎవరాగుతారు? బూట్లు పాలిష్ చేయించుకోవడానికి ఒకచోట నిలబడిపోయిన మనిషి ఆకారం ఒక్కటి మాత్రం పడింది. ఆ ఫోటో గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ వీధిలో నడుచుకుంటూ వెళ్ళిపోయినవాళ్ళే గుర్తొస్తారు. వాళ్ళు లేరని ఆ ఫోటో చెబుతోంది. అది అబద్ధం. నా పొరల వీధిలో కూడా ఇదే అబద్ధం. రాళ్ళు మిగిలి మనుషులు పోతున్నారు. ఇల్లు ఉన్నది మనుషుల కోసమా, గోడల కోసమా?

మొహాలతో కూడా చేసి చూశాను. పదో తరగతి హాల్‌టికెట్టు ఫోటో, మొదటి ఉద్యోగపు గుర్తింపు కార్డు, ఆధార్ ఫోటో, మొన్న తీయించుకున్నది. కనుపాపలు కనుపాపల మీద పడేలా సరిపెట్టి, పల్చగా పేర్చాను. వచ్చిన మొహం నున్నగా, ప్రశాంతంగా, ముచ్చటగా ఉంది. అది నాది మాత్రం కాదు. పదోతరగతి బెరుకూ లేదు, ఇప్పటి అలసటా లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, కళ్ళని కళ్ళ మీద పెట్టి సరిచూసే ఈ పద్ధతి ఫ్రాన్సిస్ గాల్టన్‌ది. ఆయన 1878లో శిక్షపడిన నేరస్థుల ఫోటోలని ఒకే పలక మీద ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిసేపు పడనిచ్చి, అందరికీ కలిపి ఒక మొహం తయారుచేశాడు. నేరగాడి మూసమొహం దొరుకుతుందని ఆశ. దొరకలేదు సరికదా, వచ్చిన మొహం విడివిడి మొహాలకన్నా అందంగా ఉందని ఆయనే గమనించాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మనుషులని జాతులుగా, రకాలుగా ఏరి, మేలైనవాళ్ళనే పెంచాలన్న యూజెనిక్స్ అనే సిద్ధాంతానికి 1883లో పేరు పెట్టినవాడూ ఆయనే. నేను ఇష్టంగా చేసుకున్న చిన్న ప్రయోగానికి అంత చీకటి పూర్వీకుడున్నాడని తెలిశాక, మొహాలని సగటు చేసే పని మానేశాను. సగటులో మొదట పోయేది ఒకరిని ఒకరిగా నిలిపే గుర్తే. గుండుతో ఉన్న అక్క, జడలతో ఉన్న అక్క పక్కపక్కన ఉండాలి, ఒకరి భుజం మీద ఒకరు పడాలి. ఇద్దరూ కరిగి మూడో మనిషి కాకూడదు.

అందుకే కత్తెరకి తిరిగొచ్చాను. కత్తెరలో అతుకు కనిపిస్తుంది. ఇక్కడినుంచి వేరే రోజు, వేరే వెలుతురు, వేరే ఎవరో తీసినది అని ఆ అంచు చెబుతుంది.

ఇంత గట్టిగా అనుకున్నాక కూడా నన్ను తడబాటులో పడేసే చోటు ఒకటుంది. అది మా వీధి చివరి ఫోటో స్టూడియో. అక్కడ అతుకు కనపడకుండా ఉండడమే పనితనం. కొడుకు పెళ్ళినాటికి తండ్రి లేడు. తల్లి ఒక పాత పాస్‌పోర్టు సైజు ఫోటో తెచ్చి, పెళ్ళి ఫోటోలో తన పక్కన ఆయన్ని పెట్టమంటుంది. స్టూడియో కుర్రాడి దగ్గర తలల్లేని ఒళ్ళు సిద్ధంగా ఉంటాయి. కోటు వేసుకున్నవి, పట్టుపంచె కట్టినవి, చేతులు కట్టుకున్నవి, కుర్చీలో కూర్చున్నవి. తల తీసి ఒంటికి చేరుస్తాడు, మెడ దగ్గర రంగు కలుపుతాడు, వెలుగు కుడినుంచి వస్తుంటే మొహం మీది నీడని తిప్పుతాడు, కాళ్ళ కింద నీడ పెడతాడు. జీవితంలో కోటు తొడగని మనిషి కోటుతో కొడుకు పెళ్ళిలో నిలబడతాడు. ఆ ఫోటో చూసి ఆ తల్లి చెంగుతో కళ్ళొత్తుకోవడం నేను చూశాను. ఇది అబద్ధమని ఆమెకి చెప్పగలనా? ఆమెకి తెలియదా? అతుకు ఎక్కడుందో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? చూపించనక్కర్లేని అతుకులు కూడా ఉంటాయేమో.

కళాకారుడు వివాన్ సుందరం చేసిన పనిని ఆ తల్లి కోరికని తలుచుకుంటూ చూస్తే నాకు కొత్తగా అర్థమైంది. ఆయన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ చెల్లెలి కొడుకు. అమృత 1941 డిసెంబరులో లాహోర్‌లో ఇరవై ఎనిమిదేళ్ళకే పోయింది. ఈయన పుట్టింది 1943లో. పెద్దమ్మని ఆయన ఎన్నడూ చూడలేదు. కానీ తాత ఉమ్రావ్‌సింగ్ షేర్‌గిల్‌కి ఫోటోల పిచ్చి. తననీ, భార్యనీ, ఇద్దరు కూతుళ్ళనీ దశాబ్దాలపాటు తీసి పెట్టాడు. 2001లో వివాన్ ఆ తాత ఫోటోలని కంప్యూటర్‌లోకి ఎక్కించి, వేరువేరు ఏళ్ళవీ ఊళ్ళవీ కలిపి, నలుపు తెలుపుల్లో కొత్త ఫోటోలు కట్టాడు. ‘రీ-టేక్ ఆఫ్ అమృత’ అని పేరు పెట్టాడు. వాటిలో అతుకు కంటికి ఆనదు. పనితనం మా స్టూడియో కుర్రాడిదే, ఇంకా సన్నం. కానీ కాసేపు చూస్తే కాలం పొసగదు. ఈ వయసు మనిషి ఆ వయసు మనిషి పక్కన ఉండడానికి వీల్లేదే అని మనసుకి తట్టి, మళ్ళీ చూస్తాం. అతుకు కాయితం మీద లేదు, చూసేవాడి లెక్కలో ఉంది. 2023లో ఆయన కూడా వెళ్ళిపోయాక ఆ ఫోటోలు చూస్తుంటే, తాత తీసినదాన్ని మనవడు మళ్ళీ తీయడంలో ఎంత ఆరాటం ఉందో తెలుస్తోంది. నా చేతికి మాత్రం కత్తెర అంచే కుదురుతుంది. అది నా స్వభావం కావచ్చు.

ఇక ఆ ఇల్లు. అమ్మమ్మగారి ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసినప్పుడు వీధరుగూ ముందు వసారా పోయాయి. తర్వాత ఇల్లే అమ్మేశారు. పెంకుటిల్లు ఉన్నచోట ఇప్పుడు మేడ ఉంది. చుట్టాలందరినీ అడిగి, కవర్లలోవీ పెళ్ళి ఆల్బంల అడుగువీ పోగుచేసి, పెద్ద అట్ట మీద గుండుసూదులతో పెట్టడం మొదలుపెట్టాను. వీధి వైపునుంచి లోపలికి, నడిచినట్టే. స్తంభం మూడుసార్లు వచ్చింది, ఒకసారి సున్నంతో, ఒకసారి నీలం ఎనామిల్ పెయింటుతో, ఒకసారి సగం విరిగి. గుమ్మం ఒక్కో కెమెరాకి ఒక్కో వెడల్పు. అరుగు మీద మా అమ్మ పదేళ్ళ పిల్ల, పక్క ఫోటోలో ఆ అరుగు మీదే నన్ను ఎత్తుకున్న తల్లి. మోకాలి దగ్గర ఇద్దరూ కలుస్తున్నారు. సావిడి దాకా బాగా వచ్చింది. అక్కడినుంచి ముందుకి పోలేదు. వంటింటి ఫోటో ఒక్కటీ లేదు. నూతిపళ్ళెం లేదు, పెరటి వసారా లేదు, అమ్మమ్మ రోజంతా గడిపిన చోటు ఏదీ లేదు. అందరినీ మళ్ళీ అడిగాను. ఎవరి దగ్గరా లేదు.

ఉండకపోవడానికి కారణాలు తెలుస్తూనే ఉన్నాయి. మసిపట్టిన చీకటి వంటింట్లో ఫ్లాష్ లేనిదే ఫోటో పడదు. రీలుకి ముప్ఫయ్యారు ఫోటోలు, వాటిని పండగలకీ పేరంటాలకీ దాచుకోవాలి. మడి అని పైవాళ్ళు లోపలికి పోరు. చీర ఎగదోపి, చెమటతో ఉన్న ఆడవాళ్ళు తమని తియ్యనివ్వరు. అమ్మమ్మ ఉన్న ప్రతి ఫోటోలోనూ ఆమె సావిట్లోనో వీధిగుమ్మంలోనో, ఇస్త్రీ చీర కట్టుకుని, చేతులు ఏంచెయ్యాలో తోచనట్టు నిలబడి ఉంది. ఆమె ఎప్పుడూ కూర్చోని చోట్లు అవి. విడివిడిగా ఏ ఫోటోలోనూ ఈ లోటు కనిపించదు. ఏ ఫోటో అయినా తన అంచుల దాకా నిండుగానే ఉంటుంది మరి. అన్నీ కలిపి ఇల్లు కడితేనే మధ్యలో, సరిగ్గా ఇంటి గుండెకాయ దగ్గర, అట్ట రంగు బయటపడింది. ఇన్నాళ్ళూ నేను అతుకుల గురించే ఆలోచించాను. అతికించడానికేమీ లేని చోటు ఉంటుందనుకోలేదు.

మా అక్క కూతురు సెలవులకొచ్చి ఆ ఖాళీ చూసింది. “ఏఐకి చెప్తే నింపేస్తుంది పిన్నీ, పాత పల్లెటూరి వంటిల్లు అంటే చాలు” అని ఫోన్‌లోనే చేసి చూపించింది. పిల్ల ప్రేమతోనే చేసింది. బొమ్మ కూడా బాగుంది. ఇత్తడి బిందెలు వరసగా మెరుస్తున్నాయి, కిటికీలోంచి వెలుగు పడుతోంది, ఉట్టి వేలాడుతోంది. పొయ్యికి మసి లేదు. ఎవరో ఒకావిడ నవ్వుతూ కూర్చుని ఉంది. స్టూడియోలో ఆ తల్లి తన మనిషినే పెట్టమంది. మొహం ఆయనదే, కోటు ఒక్కటే అరువు. ఇక్కడ అన్నీ అరువే. అదొద్దమ్మా అన్నాను. “మరి అలాగే బోడిగా వదిలేస్తావా?” అంది.

వదిలెయ్యలేదు. అక్కని పిలిచి, ఆ ఖాళీలో గుర్తున్నవి పెన్సిలుతో గీయమన్నాను. పొయ్యి దగ్గర ఇద్దరికీ తేడా రాలేదు. రుబ్బురోలు దగ్గర వచ్చింది. తలుపు పక్కనే ఉండేదని తను, కిటికీ కిందని నేను. “నేనెన్నిసార్లు కాలు కొట్టుకున్నానే దానికి! తలుపు పక్కన లేకపోతే ఎలా తగుల్తుంది?” అంది. కిటికీలోంచి పడే ఎండలో ఆ రోలు మీద కూర్చుని నేను ఉప్మా తిన్నది నాకు బాగా గుర్తు. ఒకదాన్ని చెరపమని ఇద్దరం ఒకరినొకరం అడిగి, ఎవరమూ చెరపలేదు. ఏనుగు రెండుసార్లు ఉన్నప్పుడు రోలు ఉండకూడదా? ఇప్పుడు ఆ వంటింట్లో రెండు రోళ్ళున్నాయి. ఈ సంగతి మేనమామకి ఫోన్‌లో చెప్తే, ఆయన విని, అసలు ఆ గోడకి కిటికీయే లేదన్నాడు. సంక్రాంతికి వస్తున్నాడు. పెన్సిలు ఆయన చేతికీ ఇస్తాను.